గుర్రం తల దిక్కు మనిషి

కరీంనగర్ పశువుల దవాఖానల పట్టీలు కట్టే అబ్రహాంకు బర్లంటే చిన్నచూపు. కొమ్ము విరిగిన బర్రె వస్తే పట్టీ కట్టుడు కట్టేటోడే గని, కట్టినంత సేపు మూతి తిప్పేటోడు.

"ఇవి గూడ ఒక రోగాలేనా? మేము హైదరాబాదుల గుర్రాల కీళ్లు ఇప్పి కుట్టినోళ్లం," అనేటోడు.

అబద్ధమేం గాదు. నిజాం గుర్రపు దండు దవాఖానల పదకొండేండ్లు కొలువు చేసిండు. పోలీస్ యాక్షన్ అయినంక దండు ఎత్తేసిన్రు. గుర్రాలు ఎటు పోయినవో గని అబ్రహాం ఒక రేకు డబ్బ సంకల పెట్టుకొని మా వాడకు వచ్చిండు. ఆ డబ్బకు తాళం. అండ్ల ఏమున్నదని వాడ ఆడోళ్లంత అడిగిన్రు, పెండ్లాం రిబ్కమ్మ పదేండ్ల సంది అడుగుతనే ఉన్నది. "హతియార్లు, కోత సామాను," అనేటోడు, అంతే.

యాభై ఎనిమిదిల, వానలు ఎలిసినంక, టాంగా కొమురెల్లి గుర్రానికి దెబ్బ తాకింది. దాని పేరు బిజిలీ. పత్తి బండి చక్రం ఇనుప పట్ట ముందటి కాలు మీదికి ఎక్కి, గిట్ట పైన కీలు తెగింది. కీలులకెల్లి నూనె తీరు నీళ్లు కారుతున్నయ్. గిట్టలకు నాడాలు కొట్టే హనుమండ్లు కర్రు కాల్చుకొని వచ్చి వాత పెడ్తనన్నడు. కొందరు పెద్దమనుషులు తుపాకే మందన్నరు. కొమురెల్లి ఎవరి మాట ఇనక, మూడు కాళ్ల మీద బిజిలీని మెల్లగ నడిపిచ్చుకుంట దవాఖానకు తెచ్చిండు.

డాక్టర్ లక్ష్మీరాజం అప్పుడే కొత్తగ వచ్చిండు, చిన్న వయసు. కాలు పట్టుకొని చూసి, "లోపల ఎముక చెక్క లేచింది. అది తీసి, కడిగి, కుట్టాలె. పుస్తకంల చదివిన గని కండ్లతోని చూడలే. అబ్రహాం, నువ్వు మస్తు చూసినవట గదా? రేపు పొద్దుగాల పక్కన నిలబడి చెప్పు, నేను చేస్త," అన్నడు.

"అబ్రహామన్న ఉండంగ ఫికరెందుకు సాబ్!" అని కొమురెల్లి అబ్రహాం రెండు చేతులు పట్టుకున్నడు.

అబ్రహాం చేతులు ఇడిపిచ్చుకొని, దూది తేవాల్నని లోపలికి పోయిండు.

ఇంటికొచ్చి కంచం ముందట కూసున్నడు గని ముద్ద ముట్టలే. రిబ్కమ్మ చూసింది. "ఏమయ్యా, గుర్రమొస్తే పండుగ జేసుకుంటవనుకుంటి. గీ మొకమేంది?"

"రిబ్కా, నేను కాళ్ల దిక్కు ఎన్నడు పోలే."

"ఏం?"

"పదకొండేండ్లు తల దిక్కే ఉన్న. కండ్లకు గంత కట్టుడు, చెవి పట్టుకునుడు, మెడ మీద పండుడు. కుట్టుడంత దండు డాక్టరు సాబు ఈపు చాటుకే అయ్యేది. నేను చూసింది చెవులే."

డబ్బ తాళం తీసి ముందట పెట్టిండు. అండ్ల కత్తి లేదు, సూది లేదు. దూది పెట్టి కుట్టిన మందపు గుడ్డ గంత, అది గూడ ఓ దిక్కు చినిగిపోయి ఉన్నది.

రిబ్కమ్మ కొంగు నోట్లె కుక్కుకొని కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. "చర్చి గుడిల సాక్ష్యం గూడ జెప్తివి గదయ్యా, దేవుడు నా చేతులతోని కీళ్లు కుట్టిచ్చిండని!" నవ్వి నవ్వి, ఒక్కసారే ఆగింది. "పో, డాక్టరుకు జెప్పిరా. నీ గొప్పలకు గా మూగజీవి కాలు పోవాల్నా?"

పోయి చెప్పిండు. డాక్టర్ తిట్టలే. "మరి తల దిక్కు అంత సేపు ఏం పని?" అని అడిగిండు.

"అసలు పని గక్కడనే సాబ్. కుట్టుడు గంట సేపు. మత్తు దిగేటప్పుడు గుర్రం బెదురుతది, తాగినోని తీరు లేవబోతది. తూలి పడ్తే కుట్టిన కాలు పుటుక్కుమంటది. మా తాన పోయినయన్ని లేచేటప్పుడే పోయినయ్."

"నా పుస్తకంల గీ ముచ్చట రెండే వరుసలున్నది," అన్నడు డాక్టర్. "నువ్వు తల దిక్కే ఉండు. కాలు నేను చూసుకుంట."

తెల్లారి దవాఖాన గోడ మీద మా వాడ సగం ఎక్కి కూసున్నది. గడ్డి పరుపు మీద బిజిలీని తాళ్లతోని పండబెట్టి మత్తు ఇచ్చిన్రు. దాని కండ్లకు అబ్రహాం గంత కట్టి చెవి పట్టుకున్నడు. డాక్టర్ చెక్క తీసిండు. "చూడు అబ్రహాం, చింతగింజంత ఉన్నది!" అని సంబురంగ అన్నడు.

"నేను చూడ సాబ్," అన్నడు అబ్రహాం, చెవి వదలకుంట.

కీలు కడిగి, కుట్టి, సున్నపు కట్టు ఏసిన్రు. గుర్రం ముక్కులు అదిరినయ్. అప్పుడొచ్చింది కొమురెల్లి పెండ్లాం పోశవ్వ, చేతిల బిజిలీ మెడ గజ్జెలు పట్టుకొని. రోజు పొద్దుగాల అవి కట్టంగనే బిజిలీ టాంగా దిక్కు నడిచేది. ఆ చప్పుడు ఇంటే బిడ్డ అసొంటి బిజిలీకి ధైర్యమొస్తదని పోశవ్వ మనసు నిండ ఆశతోని గల్లుమనిపిచ్చింది.

బిజిలీ చెవులు నిక్కినయ్. మత్తులనే కాళ్లు ఆడిచ్చింది. అబ్రహాం మెడ మీద అడ్డం పడి, "పోశక్కా, నీ కాల్మొక్త, గజ్జెలు బంద్!" అని ఒర్రిండు.

పోశవ్వ గజ్జెలు పొట్టకు అదుముకొని కూలబడ్డది. ఊపిరి తీస్తే మోగుతయేమోనని ఊపిరి గూడ సగమే తీసింది. గోడ మీద ఆడోళ్లు నోళ్లు మూసుకున్నరు. మా వాడల అసొంటి నిమ్మలం అంతకుముందు లేదు, మళ్ల రాలే. అబ్రహాం చాతి కింద మెడ కొట్టుకుంటుంటే, చెవిల ఏదో చెప్పుకుంట పండుకున్నడు. నడుమ నడుమ నాలుక గుంజి చూసిండు. అది మెత్తగ చేతిలకు వచ్చినన్ని సార్లు, "ఇంక మత్తు దిగలే," అన్నడు. ఎండ గోడ దిగి గడ్డి మీదికొచ్చింది. ఆఖరికి బిజిలీ నాలుకను గట్టిగ ఎనుకకు గుంజుకున్నది.

అబ్రహాం గంత తీసి, పక్కకు జరిగి, "ఇగ మోగియ్యి అక్కా," అన్నడు.

పోశవ్వ పొట్ట మీదికెల్లి గజ్జెలు తీసి గల్లుమనిపిచ్చింది. బిజిలీ ఒక్క ఊపుల లేచింది. తూలలే. కట్టు కాలు నేలకు ఆనిచ్చి, పోశవ్వ కొంగు వాసన చూసింది. కొమురెల్లి గోడకు తల ఆనిచ్చి ఏడ్చిండు.

కట్టు ఇప్పినంక జర కుంటు మిగిలింది. కొమురెల్లి టాంగాల ఇద్దరిని మించి ఎక్కిచ్చుకునేటోడు గాదు. ఆ ఇద్దరిల గూడ ఒకలు బక్కోళ్లు గావాలె.

అబ్రహాం గొప్పలు ఆగినయా అంటే, అదేం లేదు, దిక్కు మారినయ్ అంతే. "కాళ్లు ఎవలన్న కుడ్తరు. లేపుడే అసలు విద్దె!" అంటడు. అన్నప్పుడల్ల లోపలికెల్లి రిబ్కమ్మ గొంతు ఇనవడ్తది: "గా రాత్రికి రాత్రి నీ గంత చినుగు అతికింది ఎవలయ్యా? గీ ఇంట్ల కుట్టిన మనిషి ఎవలన్న ఉంటే, నేనే!"