జామీను కాగితం

నాకు రోత పుట్టించేవి లోకంలో చాలానే ఉన్నాయి. మనిషి మొహం చూడకుండా మాట్లాడే గుమాస్తాలు, మన దరఖాస్తు మీద టీ గ్లాసు పెట్టేవాళ్లు, ఏం అడిగినా ‘రేపు రా’ అనేవాళ్లు. ఇప్పుడు రాయబోయేదాంట్లో వాళ్లందరూ వస్తారు. కానీ అందరికంటే ఎక్కువ రోత నా మీదే. దాని సంగతి నాకూ మా నాయినకూ తప్ప ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన కాలం. నేను ఖమ్మంలో ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. మాది చర్ల అవతల, పోడు చేసుకుని బతికే ఊరు. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి టాంజానియా నుంచి వచ్చింది. వాళ్ల ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి పంపింది. మధ్యలో ఉన్న ఏజెంటు హైదరాబాద్ కాలేజీ అని చెప్పి, తీరా దిగాక ఖమ్మం బస్సెక్కించాడట. ఆ మాట చెప్పి తనే పడీపడీ నవ్వేది. తెలుగు మొత్తం మెస్సులో వండే అమ్మ దగ్గర నేర్చుకుంది. పొద్దున్నే నా దుప్పటి లాగి “లేవ్వే, జల్దీ. నీళ్లు అయిపోతయ్” అనేది.

కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆమె ఇంకో మనిషి. ఎక్కడ తాళం వదులుగా ఉందో ఇట్టే పట్టేసేది. మా మార్కులు పెట్టే సైటును పాస్‌వర్డ్ లేకుండానే తెరవొచ్చని కనిపెట్టి, మార్కులు ముట్టుకోకుండా నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి చెప్పింది. తాళం లేదని చెప్పినందుకు ఆయన ఆమెనే దొంగను చూసినట్టు చూశాడు. ఆ తాళం మేం కాలేజీ వదిలేదాకా అట్లాగే ఉంది. ఆమె నాకు రోజూ సాయంత్రం ల్యాబులో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేది. నాకు వచ్చిన విద్యలో సగం ఆమె పెట్టిన భిక్షే.

ఆమె స్కాలర్‌షిప్‌కు ఒక షరతు ఉంది. మూడో ఏడాది వేసవిలో ఏదో ఒక కంపెనీలో పని నేర్చుకుని సర్టిఫికెట్ చూపించాలి. ఏ కంపెనీయో ఏప్రిల్ లోపే వాళ్ల ఎంబసీకి తెలపాలి. లేకపోతే చివరి ఏడాదికి డబ్బు రాదు, చదువు అక్కడితో ఆగిపోతుంది. అందుకని జనవరి నుంచే మొదలుపెట్టాం. బస్టాండు వెనక నెట్ సెంటర్లో కూర్చుని హైదరాబాద్‌లో సెక్యూరిటీ పని చేసే ప్రతి కంపెనీకీ మెయిలు పెట్టేది. బాగా రాసేది. వాళ్లు కూడా సంబరంగా జవాబిచ్చేవాళ్లు. రెండో మెయిల్లో ఆమె దేశం పేరు చూసేసరికి ఆ సంబరం ఆరిపోయేది. ‘మీకు ఇక్కడ పని చేసే అనుమతి ఉందా?’ అని ఒక్క వాక్యం. ఉన్నది చదువు వీసా అని రాస్తే మళ్లీ జవాబు ఉండేది కాదు. కాలేజీలో ఉద్యోగాలు చూసే సారు “ఫారినోళ్లతోని మాకెందుకమ్మా లొల్లి” అని చేతులు దులుపుకున్నాడు. ఒక కన్సల్టెన్సీవాడైతే పని లేకుండానే సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. పైగా అది తన మంచితనమన్నట్టు ఒక వెకిలి నవ్వు. ఆమె బయటికొచ్చి చెయ్యి కడుక్కుంది. వాడు కరచాలనం చేశాడు మరి.

ఏప్రిల్లో ఒక చిన్న కంపెనీ నిజంగా పలికింది. వాళ్ల సైటులో తప్పు వెతకమని పరీక్ష పెట్టారు. ఇద్దరం కూర్చుని రెండు తప్పులు వెతికాం. ఒకటి ఆమె పట్టింది. రెండోది నేను పట్టానని ఆమె అంటుంది కానీ, చేయి పట్టుకుని అక్కడిదాకా తీసుకెళ్లింది ఆమే. మే నెల నుంచి రమ్మన్నారు. శిక్షణకు అభ్యంతరం లేదని విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే ఆఫీసు నుంచి ఒక లెటరు మాత్రం తెమ్మన్నారు.

ఆ ఆఫీసుకు కాళ్లరిగేలా తిరిగాం. నాలుగోసారికి గుమాస్తా మమ్మల్ని కూర్చోమనకుండానే ఫైలు తెరిచాడు. దవడలో కిళ్లీ, ఒళ్లో పేపరు.

“ఈమె ఏ దేశం?” అని నన్ను అడిగాడు.

“టాంజానియా సార్” అంది ఆమె, తెలుగులోనే.

“ఏందీ?” అని మళ్లీ నన్నే అడిగాడు. ఎదురుగా మనిషి నిలబడి మన భాషలో జవాబు చెబుతుంటే, ఆయన చెవికి ఎక్కడం లేదు. ఆమె జడల వైపు కాసేపు చూసి, “చదువుకోను వచ్చినోళ్లు చదువుకోవాలె. పనెందుకు?” అన్నాడు.

“అది కూడ చదువే సార్. ట్రైనింగు” అంది ఆమె.

ఆయన కిటికీలోంచి ఉమ్మి వచ్చి, అప్పుడు అసలు సంగతి చెప్పాడు. “ఇక్కడోళ్లు ఎవరన్న జామీను ఉండాలె. ఈమె చెప్పిన కాడనే ఉంటదని, పిలిస్తే తెచ్చి నిలవెడ్తమని రాసియ్యాలె. రేషన్ కార్డు జిరాక్సు, ఇంటి పెద్ద సంతకమో, వేలిముద్రో. శుక్రారం లోపు తెస్తే సార్ ముందట పెడ్త. లేకుంటే లేదు.” తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు ఇక్కడిదానివే కదా. ఏ ఊరు?” అన్నాడు. చెప్పాను. “అటు దిక్కా? అయితే ముందుగాల నీకే ఒక జామీను కావాలె” అని పక్క బల్ల ఆయన వైపు చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ నేను కూడా ఆయనతోపాటు కొంచెం నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చీదరగా ఉంటుంది.

ప్రిన్సిపాల్ అది తన పరిధి కాదన్నాడు. వార్డెన్ తన భర్త ఒప్పుకోడంది. ఆమెకు ఈ ఊళ్లో ఇంకెవరున్నారు? హాస్టల్ మెట్ల మీద కూర్చుని పల్లీలు ఒలిచి నా చేతిలో పెడుతోంది తప్ప, నన్ను మాత్రం నోరు తెరిచి అడగలేదు. అందుకే నేనే అన్నాను, “మా నాయిన వేలిముద్ర నేను తెస్త” అని. ఆమె అప్పటిదాకా ఒలిచిన పల్లీలన్నీ నా ఒళ్లో పోసింది.

మరుసటి రోజు పొద్దున్నే భద్రాచలం బస్సు, అక్కడి నుంచి చర్ల, ఆ తర్వాత నడక. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఎప్పటిలాగే సంచి విప్పమన్నారు. బట్టల మధ్య జామీను కాగితం, కొత్త స్టాంపు ప్యాడు కనిపించాయి. కాగితం చదివినాయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. “విదేశం పిల్లకు మీ ఊరోళ్లు జామీనా?” అని, నా పేరూ మా నాయిన పేరూ నోటుబుక్కులో రాసుకున్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. కానీ అక్కడి నుంచి మా ఊరు చేరేదాకా నా బుర్రలో ఒకటే తిరిగింది. రేపు నాకు ఉద్యోగం వస్తే పోలీసు విచారణ ఉంటుంది. చర్ల అవతలి అడ్రసు చాలదన్నట్టు, ఒక విదేశీయురాలి ఫైల్లో నా ఇంటి పేరు కూడా ఉంటే?

మా ఊళ్లో వేలిముద్ర అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. నా చిన్నప్పుడు మా చేను గట్టున ఏదో దొరికిందని పోలీసులు వచ్చి, సాక్షిగా ఉండమని, మా నాయినతో తెల్ల కాగితం మీద వేలు వేయించుకున్నారు. దాని మీద తర్వాత ఏం రాశారో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిరిగాడు. వేలు ఎందుకు పెట్టావని అడవి లోపలివాళ్లు వచ్చి నిలదీశారు. ఎందుకు వాయిదాకు రాలేదని వీళ్లు వచ్చి కొట్టారు. అప్పటి నుంచి ఊళ్లోకి ఎవరు కాగితం పట్టుకుని వచ్చినా మావాళ్లు ముందు బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి బిగిస్తారు. పోలియో చుక్కలు వేయడానికి వచ్చిన అమ్మాయి ముందు కూడా అంతే. పిల్లలకు నడక నేర్పినట్టు ఇదీ నేర్పుతారు.

నేను వెళ్లేసరికి నాయిన వాకిట్లో తునికాకు కట్టలు కడుతున్నాడు. కాగితంలో ఏముందో మొత్తం చెప్పాను. ఆయన పిడికిలి దానంతటదే బిగుసుకోవడం నేను చూశాను.

“నీకు చదువు చెప్తదంటివి, ఆ పిల్లేనా?”

“అవ్.”

“మంచిదేనా?”

“మంచిదే.”

ఆయన పిడికిలి విప్పాడు. బొటనవేలికి అంటిన ఆకు జిగురును పంచెకు తుడుచుకుని, “సిరా ఉన్నదా?” అన్నాడు.

ప్యాడు నా సంచిలో, నా చేతికి అందేంత దూరంలో ఉంది. “మర్చిపోయిన నాయినా” అన్నాను.

“ఆకు కొనే కల్లం కాడ గుమాస్తా తాన ఉంటది. తెస్త” అని లేచాడు. రెండు అడుగులు వేశాక, ఇక చెప్పక తప్పలేదు. “వద్దు. నాకే భయమైతాంది. రేపు నా నౌకరికి అడ్డమొస్తది” అన్నాను. ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కట్ట చేతిలోకి తీసుకున్నాడు.

“మరి ఆ పిల్లకేం చెప్తవ్?”

నేను సంచి మూతి బిగించి కట్టాను. ఆయనే అన్నాడు, “నా మీదికే చెప్పు. ముసలోడు భయపడ్డడు అను. నమ్ముతది.”

నమ్మింది. హాస్టల్ గదిలో నేను మా ఊరి కథ, నాయిన దెబ్బల కథ పూసగుచ్చినట్టు చెప్పాను. అందులో అబద్ధం చివరి మాట ఒక్కటే. ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. “నాయినను అడగొద్దుండె. తప్పు నాదే” అంది. పెట్టె తీసి, వాళ్లమ్మ ఇచ్చి పంపిన పువ్వుల నూలు బట్ట నాయినకిమ్మని నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను, సిగ్గు లేకుండా. నాయిన ఆ బట్టను మడత విప్పకుండా పెట్టెలో అడుగున పెట్టాడు. ఒక్కసారీ కట్టలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

శుక్రవారం దాటిపోయింది. కంపెనీ ఖాయం కాలేదు కాబట్టి స్కాలర్‌షిప్ ఆగిపోయిందని వాళ్ల ఎంబసీ నుంచి ఉత్తరం వచ్చింది. మే నెల మొదట్లోనే ఆమె వెళ్లిపోయింది. మెస్సు అమ్మ బస్టాండుదాకా వచ్చి ఏడ్చింది. నేను బస్సు కదిలేదాకా సామాన్లు సర్దుతూనే ఉన్నాను, మొహం చూడాల్సి వస్తుందని.

వారం తర్వాత ఆ కంపెనీ నుంచి నాకు మెయిలు వచ్చింది. ఖాళీ అలాగే ఉంది, మీరు వస్తారా అని. వెళ్లాను. వెళ్లకుండా ఉండొచ్చు కదా అని మీరు అనుకుంటే, నేనూ అనుకున్నాను, వెళ్తూ వెళ్తూనే.

మొదటి రోజు నన్ను ఎవరూ ఏ దేశమని అడగలేదు, జామీను అడగలేదు. కాలేజీ కార్డు జిరాక్సు చాలన్నారు. నా పేరు మీకెవరు చెప్పారని అడిగితే, కంపెనీ పెద్దాయన ఫైల్లోంచి ఒక మెయిలు తీసి చూపించాడు. ఆమె వెళ్లిపోయే ముందు రోజు పంపింది. ‘నా బదులు ఈమెను తీసుకోండి. రెండో తప్పు పట్టింది ఈమే. ఈమె నిజాయితీకి నేను పూచీ’ అని ఉంది. కింద తన పేరు, ఇంటి అడ్రసు, పాస్‌పోర్టు నంబరు రాసింది. అవి ఆమెను ఎవరూ అడగలేదు.