బొమ్మ రాజయ్యను రెండుసార్లు చంపిన వైనం

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఆవిడ నా మాటల్లో పావు వంతే నమ్ముతుంది. మీరు కాస్త దయతలిచి సగం నమ్మండి. ఆ రోజుల్లో, అంటే శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచి, విమానం కనబడితే జనం బండ్లు ఆపి మరీ చూసే రోజుల్లో, నేను అక్కడ ఒక చిన్న ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. ఎమర్జెన్సీ మొత్తం నా చేతిమీదే నడుస్తోందని రాజేంద్రనగర్‌లో ఉన్న మా అమ్మకు చెప్పేశాను. ఆవిడ కాలనీ అంతటికీ చెప్పేసింది. నిజానికి నన్ను ఆ గది గుమ్మం కూడా తొక్కనివ్వడం లేదు. తొక్కాలంటే మేజర్ సార్ పెట్టే పరీక్ష గట్టెక్కాలి. (ఆయన మా పెద్ద డాక్టరు. సైన్యంలో ఎప్పుడూ లేరు, నడక అలా ఉండేది.) మూడు అవకాశాలు. మూడూ పోతే ఆరు నెలలు ఫైళ్ల గదిలో కూర్చోవాలి. కుదురుగా కూర్చోవడం అనే విద్య నాకు పుట్టుకతోనే రాలేదు.

పరీక్ష ఏమిటంటే, బీరువాకన్నా కొంచెం పెద్ద గదిలో మంచం మీద ఒక రబ్బరు బొమ్మ ఉంటుంది. నర్సులు దానికి రాజయ్య అని పేరు పెట్టుకున్నారు. మేజర్ సార్ విజిల్ ఊదగానే రాజయ్య గుండె ఆగిపోతుంది. ఒక డాక్టరు, ముగ్గురు నర్సులు కలిసి బతికించాలి. పైన విమానం లేచినప్పుడల్లా గది అదిరి రాజయ్య దవడ కదిలేది. బతికాడనుకుని మేము రెండుసార్లు చప్పట్లు కూడా కొట్టుకున్నాం.

మొదటిసారి నేను "సిస్టర్, ఆక్సిజన్!" అని అరిచాను. ఉన్న ముగ్గురూ సిస్టర్లే కదా, ముగ్గురూ పరుగెత్తారు. బాలాపూర్ వినాయకుడి లడ్డూ ఊరేగింపులాగా మూడు సిలిండర్లు వచ్చాయి. ఛాతీ నొక్కే దిక్కులేక ఈలోపు రాజయ్య పోయాడు. రెండోసారి తెలివి తెచ్చుకుని "ఎవరైనా ఒక్కరే తెండి!" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎవరూ కదల్లేదు. రాజయ్య మళ్లీ పోయాడు.

"పేరు పెట్టి పిలువయ్యా! పేరు విన్నవాళ్లు నువ్వు చెప్పింది తిరిగి చెప్పాలె, తప్పు కనబడితే నోరు తెరవాలె!" అని మేజర్ సార్ గర్జించారు.

ఎలా పిలిచేది? ఆ ముగ్గురిలో ఒకరు పెద్దక్క. శంషాబాద్ మనిషే, నాకు పాలపళ్లు ఊడకముందే ఉద్యోగంలో చేరింది. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిస్తే మా ఇంట్లో ఆ పూట అన్నం పెట్టరు.

మూడో పరీక్ష రోజు బస్సులో సీటున్నా నిలబడే వచ్చాను. కూర్చుంటే కాళ్లు వాటంతటవే ఊగిపోతున్నాయి. పక్కాయన జాలిగా "ఏంది తమ్మీ, కడుపు గడబిడనా?" అని అడిగాడు.

విజిల్ మోగింది. పేర్లు నోటికి రాక బిరుదులు ఇచ్చేశాను. "పొడుగు సిస్టర్, ఛాతీ నొక్కండి! చిన్న సిస్టర్, సూదిమందు! పెద్దక్కా, మాస్కు పెట్టి గాలి సంచి నొక్కండి! సిలిండర్ నేనే తెరుస్తాను!"

"మాస్కు పెడుతున్న సార్... పెట్టిన," అంది పెద్దక్క.

నేను సిలిండర్ మీది మర బలంగా తిప్పి, సేనాపతిలా చేతులు కట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు పెద్దక్క, "డాక్టర్ సాబ్, జర ఆగు. సిలిండర్ బంద్ ఉంది," అంది.

వెంటనే వంగి చూశాను. తెరవాల్సిన వైపు కాక, మూసే వైపు తిప్పాను. "మీరే కరెక్టు అక్కా," అని తెరిచాను. రాజయ్య బతికాడు.

"సిలిండర్ సంగతికి ఫెయిలు, అక్క మాట విన్నందుకు పాసు," అన్నారు మేజర్ సార్. "ఇగ పో, రేపటి నుంచి ఎమర్జెన్సీకి రా."

ఇప్పుడు నిజం చెప్పాలి. మూడు సిలిండర్ల ఊరేగింపు, రాజయ్య దవడ, బస్సులో పక్కాయన, మీరు నమ్మనివన్నీ జరిగినవే. నేను కల్పించింది ఒక్క మాటే, ఆ "వెంటనే". పెద్దక్క మొదట మెల్లగా "సార్" అంది, నేను వినలేదు. తర్వాత "డాక్టర్ సాబ్, జర ఆగు. సిలిండర్ బంద్ ఉంది" అంది. "తెరిచానక్కా, మీ పని మీరు చూసుకోండి," అని కసిరాను. మూడోసారి ఆమె సారూ లేదు, సాబూ లేదు, ఒట్టి నా పేరు పెట్టి, మా అమ్మ కూడా ఎప్పుడూ పిలవనంత గట్టిగా పిలిచింది. అప్పుడు వంగాను.

ఇప్పుడు ఆ విజిల్ నా మెడలో ఉంది. కొత్త నర్సు ఎవరైనా మెల్లగా "సార్, సిలిండర్..." అంటే చాలు, తెరిచే ఉందని తెలిసినా, మోకాళ్లు కలుక్కుమన్నా సరే, ఒకసారి వంగి చూస్తాను.