నేను గట్టు ఇచ్చిన దేవుడు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మింగలేక కక్కలేక మోస్తున్నాను. నువ్వెవరో నాకు తెలియదు. నేనెవరో నీకు అక్కర్లేదు. అందుకే నీకు చెప్పుకుంటున్నాను. తలవంచుకుని చెబుతానని మాత్రం అనుకోకు. అది నాకు చేతకాదు.

బస్తరు రాజుగారి ఏలుబడిలో, కిష్టారం పక్కన అడవిలో మా దోర్ల తెగవాళ్ల ఊళ్లలో తెలుగు అక్షరం చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే. గోదావరి వైపు నుంచి ఏటా క్రిస్మసుకు వచ్చే పాదిరిగారు తెలుగులో ప్రసంగం చేస్తే, నేను మా మాటలోకి తిప్పి చెప్పేవాణ్ని. ఆయన చప్పగా చెప్పింది నా నోట్లో పడితే ఉప్పూ కారం పట్టేది. పశువుల పాకలో పుట్టిన పసివాడి సంగతి నేను చెబుతుంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. అలాంటి గొంతు ఆ ఊళ్లో మళ్లీ పుట్టలేదు.

మాలో కొత్త మనిషిని మొదట అడిగేది పేరు కాదు, గట్టు. గట్టంటే తండ్రి నుంచి వచ్చే వంశం. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్లలో వాళ్లకు పెళ్లిళ్లు కుదరవు. మూడో గట్టు, ఐదో గట్టు అని వాటిని అంకెలతోనే పిలుస్తాం. దేవుళ్లకూ గట్లుంటాయి. ఒక క్రిస్మసు మధ్యాహ్నం మా ఊరి పటేలు లేచి, ఈ పిల్లాడిది ఏ గట్టు అని అడిగాడు. పాదిరిగారు నవ్వి తెలుగులో జవాబిచ్చారు. ఆ పసివాడు నిజంగా దేవుడు, నిజంగా మనిషి అన్నారు. తల్లి కడుపున పుట్టాడు, మనలాగే రక్తమాంసాలున్నాయి. కానీ ఈ లోకంలో ఆయనకు తండ్రి లేడు. అందుకే ఒక వంశంవాడు కాదు, అందరివాడు.

నాకు ఒళ్లు మండింది. తండ్రి లేడనీ, గట్టు లేదనీ నా దేవుడి గురించి నా జనం ముందు చెప్పాలా? గట్టు లేనివాణ్ని ఏ పంక్తిలో కూర్చోబెడతారు? అంతేనా? కాదు. అంతమంది ముందు మా ఇళ్లు మిగతా ఇళ్లకన్నా ఒక మెట్టు పైన నిలబడాలన్న కోరిక కూడా నాలో ఉంది. "ఐదో గట్టు. మా గట్టే," అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారలేదు. తెలిసే అన్నాను. మా పెద్దనాన్న వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తలచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది. అదీ దాచను.

మా గట్టు ఇళ్లన్నీ బాప్తిస్మం తీసుకున్నాయి. పెళ్లయి వచ్చిన ఆడవాళ్లతో చిక్కు లేదు, వాళ్లు ఎప్పుడో మా ఇంటివాళ్లయ్యారు. చిక్కు ముత్తితో వచ్చింది. ఆమెది మూడో గట్టు. నా తమ్ముడు ఎర్రయ్యకు ఇవ్వాలని మాటలయిపోయాయి. నన్ను బావా అని పిలిచి ఆటపట్టించేది. మొగుడి దేవుడే తన దేవుడు కావాలని, మరుసటి క్రిస్మసుకు తనూ వాగులో మునిగి బాప్తిస్మం పొందింది. పాదిరిగారు వెళ్లగానే పెద్దమనుషులు కూర్చున్నారు. ఐదో గట్టు దేవుణ్ని పట్టుకుంది కాబట్టి ఇక ఆమెదీ ఐదో గట్టే, ఎర్రయ్యకు చెల్లెలవుతుంది, పెళ్లి చెల్లదన్నారు.

ముత్తి అందరి ముందూ నా దగ్గరికి వచ్చింది.

"బావా, నువ్వు సదువుకున్నోడివి. ఆ దేవుడిది నిజంగ మీ గట్టేనా? కాకుంటే కాదని సెప్పు. నేనేం అనుకోను."

"మా గట్టే."

"పుస్తకంల అట్లనే రాసుందా?"

"ఉన్నది."

ఆమె కొంగు సర్దుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"సరే, అన్నా," అంది.

ఆమెను దోర్నపాల్ అవతల ఎవరికో ఇచ్చారు. మరుసటి ఏడు పాదిరిగారు అడిగితే, పిల్ల మనసు మార్చుకుందని చెప్పాను. ఎందుకు నోరు విప్పలేదు? భయమా? నేను భయపడే మనిషిని కాను. అబద్ధమని ఒప్పుకుంటే నా తల మీది ఆ చెయ్యి తీసేస్తారు, అంతే. ఆమె పెళ్లిని నిలబెట్టే మాట పాదిరిగారి నోటి నుంచి వచ్చిందనీ, దాన్ని నేనే మింగేశాననీ నాకు ఆ రోజే తెలుసు. గట్టు లేని దేవుడి నీళ్లలో మునిగితే ఎవరి గట్టూ మారదు. అందరికోసం వచ్చినవాడికి నేను మా ఇంటి కంచె కట్టాను.

ఎర్రయ్య పెళ్లి చేసుకోలేదు. నా ఇంట్లోనే ఉంటాడు. ఊరికి ఎవరొచ్చినా నన్ను చూపించి, "దేవుణ్ని మా గట్టుకు తెచ్చింది మా అన్నే" అని చెబుతాడు. వాడికి చెప్పగలనో లేదో తెలియదు. నన్ను క్షమించమని నిన్ను అడగను. ఇంతవరకు రాశాక గొంతులో ముల్లు కాస్త కదిలింది, నాకది చాలు. ఆ రోజు తిప్పి చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆయనకు ఈ లోకంలో తండ్రి లేడు. గట్టు లేదు.

ముత్తీ, నువ్వు నాకు చెల్లెలివి కావు.