శేషయ్య గారి మామ్మ కళ్ళు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూసి నవ్వుకునే మనిషిని నేను. పాత చిత్రాలను బాగుచేసి కాపాడే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. పాడుబడిన గుళ్లలో, మూతపడ్డ మేడల్లో ఒంటరిగా పనిచేశాను. ఎక్కడా భయపడలేదు. భయమేసింది ఒక్కచోటే. తిరువూరులో, మిట్టమధ్యాహ్నం, పక్కన ఇద్దరు మనుషులు ఉండగా.

ముందు నా తప్పు చెప్పాలి.

మా వృత్తిలో సీనియర్ హోదా ఊరికే ఇవ్వరు. స్వయంగా చేసిన పనిని ఫోటోలతో, నివేదికతో నిపుణుల ముందు పెట్టాలి. నేను అప్పటికే రెండుసార్లు భంగపడ్డాను. మూడోసారికి తిరువూరులో రైస్ మిల్లు యజమాని శేషయ్య గారి మామ్మ చిత్రం దొరికింది. కాన్వాసు మీద ఆయిల్ పెయింటింగ్. మిల్లు ఆఫీసు గోడ చెమ్మకు ముఖం పాడైంది. కళ్ళున్నచోట రంగు పూర్తిగా రాలిపోయి బట్ట కనిపిస్తోంది.

నాతోపాటు గంపలగూడెం రత్నకుమారి పనిచేసింది. వయసులోనూ పనిలోనూ నాకంటే పెద్దది. రత్నక్కా అని పిలిచేవాణ్ణి. కళ్ళ చోట ఆమె బూడిదరంగు పూత పూసి వదిలేసింది.

"ఆధారం లేకుండా కళ్ళు వెయ్యకూడదు తమ్ముడూ. పోయింది పోయినట్టే కనబడాలి," అంది. మా వృత్తి నియమమూ అదే.

ఆమె భోజనానికి వెళ్లినప్పుడు నేను కళ్ళు వేశాను, కేవలం ఊహించి. ఎడమ కంటిలో బ్రష్షు వెంట్రుక ఒకటి అంటుకుంది. తీయబోతే తెగింది. వదిలేశాను. ఆమె తిరిగొచ్చి చూసి, "తీసెయ్," అని ఒక్క మాటే అంది. తీస్తానన్నాను. తీయలేదు.

బట్ట కనిపించే ఫోటోలు చెరిపేశాను. అసలు కళ్ళు మురికి కింద భద్రంగా ఉన్నాయనీ, సహాయకురాలు పొరపాటున వాటిమీద పూత పూస్తే నేను తొలగించి బయటపెట్టాననీ నివేదికలో రాశాను. మా పనిలో అసలు రంగును కప్పేయడంకంటే పెద్ద తప్పు లేదు. నాకు హోదా వచ్చింది. ఆమెను పనులకు పిలవడం మానేశారు.

నాలుగేళ్ల తర్వాత తిరువూరు బస్టాండులో కనిపిస్తే క్షమించమన్నాను.

"నా దగ్గర ఏడిస్తే ఏమొస్తుంది? చెప్పాల్సినవాళ్లకు చెప్పు," అంది.

నిరూపించడం తేలికే అనుకున్నాను. మేం కొత్తగా వేసే రంగు, రంగు కరిగించే మందులో ముంచిన దూదితో తుడిస్తే వచ్చేస్తుంది. అతినీలలోహిత దీపం కింద నల్లమచ్చలా తేలుతుంది కూడా. ఇద్దరం మిల్లుకు వెళ్లాం.

శేషయ్య గారు మండిపడ్డారు. "కళ్ళొచ్చాయని అప్పుడు ఊరంతా స్వీట్లు పంచానండి. ఇప్పుడొచ్చి మా మామ్మను మళ్ళీ గుడ్డిదాన్ని చేస్తారా?" చివరికి ఒప్పుకుని, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

కిటికీలకు గోనెపట్టాలు కట్టి దీపం వేశాను. కళ్ళు వేసిన రోజే, అదే రంగుతో చీర అంచుమీద నేను వేసిన అతుకు నల్లగా తేలింది. కళ్ళు మాత్రం చుట్టూ ఉన్న పాత రంగులాగే లేతపచ్చగా మెరిశాయి. దూదితో తుడిచాను. చీర మీది అతుకు వచ్చేసింది. కళ్ళు తుడిచిన దూది తెల్లగానే ఉంది. మూడుసార్లు తుడిచాను.

భూతద్దం పెట్టాను. ఎడమ కంటిలో నా బ్రష్షు వెంట్రుక ఉంది. దాని పైనుంచి పాత వార్నిషు పగుళ్లు సాగిపోతున్నాయి. అలాంటి పగుళ్లు నాలుగేళ్లలో రావు. భూతద్దం కింద పెట్టి వెనక్కి జరిగాను.

చూసింది చెబితే శేషయ్య గారు నవ్వారు. "ఆ వెంట్రుక ఆనాటి పెయింటరుదే అయ్యుంటుంది. అంటే ఈవిడ కప్పెట్టిన మాట నిజమే కదండీ. ఎందుకు వెనకేసుకొస్తారు?"

రత్నక్క భూతద్దం తీసుకుని చాలాసేపు చూసింది. "అప్పుడిక్కడ ఉత్త బట్టే ఉంది. నా చేత్తో పూత పూశాను," అంది. మాతో కాదు, ఆ ముఖంతో. తర్వాత నావైపు తిరిగింది.

"ఇది కూడా నీ పక్షానే చేరిందన్నమాట," అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

హోదా రద్దు చేయమని నిపుణులకు రాశాను. వాళ్లు మనిషిని పంపి పరీక్ష చేయించారు. కళ్ళు అసలువేననీ, నా మాటకు ఆధారం లేదనీ జవాబొచ్చింది. ఆ హోదా ఇప్పటికీ నా పేరు పక్కనే ఉంది.

ఆ పగుళ్లు ఎలా వచ్చాయో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. ఆ ముఖంలో కళ్ళు లేవు. రత్నకుమారి దేన్నీ కప్పలేదు. ఆధారాలన్నీ ఇప్పుడు ఆ కళ్ళ దగ్గరే ఉన్నాయి. నా దగ్గర నా మాట ఒక్కటే ఉంది. అదెలాంటిదో పైన రాశాను.