రాజమ్మక్క తాబేలు పెట్టె

నిన్న పొద్దున మా అమ్మాయి బాలింతగా పడుకున్న గది తలుపు తీయగానే తడి గోనె, బొగ్గు కలిసిన వాసన ముఖానికి కొట్టింది. తిరుపతిలో మా వియ్యపురాలి ఇల్లు అది. బాలింతకు గాలి తగలకూడదని ఆవిడ ప్రేమకొద్దీ కిటికీలు మూసి, తలుపు కింది సందులో గోనెపట్ట కుక్కి, మంచం పక్కన మట్టి కుంపటి పెట్టింది. మా అమ్మాయి చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని, తల పగిలిపోతోందమ్మా అంది. నేను వెంటనే కుంపటి ఎత్తి పెరట్లో పెట్టి వచ్చాను. ఎందుకు వదినా అంత కంగారు, చలి పడితే పసిగుడ్డు తట్టుకుంటుందా అని వియ్యపురాలు అడిగింది. ఆ కంగారు నాది కాదు, పలమనేరు రాజమ్మక్కది అన్నాను. ఆమె ఎవరో తెలియకపోతే నేను చేసింది పిచ్చిపనిలాగే ఉంటుంది. అందుకే చెప్పుకొచ్చాను.

రాజమ్మక్క పట్టుపురుగులు పెంచేది. మొగుడు పోయాక మల్బరీ తోట, పురుగుల షెడ్డు ఒంటిచేత్తో నడిపింది. నేను ఐదో తరగతి దాటలేదు. పెళ్లై పలమనేరు వచ్చిన కొత్తలో ఆమె తోటలో ఆకు కోయడానికి వెళ్లాను, ఆమె చేయి పట్టుకునే పని నేర్చుకున్నాను. మా వైపు చలికాలం కాస్త గట్టిగానే ఉంటుంది. చలికి పట్టుపురుగు ఆకు ముట్టదు. అందుకని షెడ్డులో కుంపట్లు రాజేసి, గాలి పొడిబారకుండా గోడల పొడుగునా తడి గోనెలు వేలాడదీసేవాళ్లం. అక్క లోపలికి వచ్చి కళ్లు మూసుకుని కాసేపు నిలబడేది. పురుగుల తట్టల మీద ముంజేయి వెనక భాగం ఆనించి చూసేది. ఇంకో కుంపటి కావాలనో, ఒకటి తీసెయ్యమనో చెప్పేది. గోడకు వేలాడే ఉష్ణమాపకం చూస్తే ఆమె మాటకూ దానికీ పెద్ద తేడా ఉండేది కాదు. అయినా రోజూ దాన్ని చూడకుండా కదిలేది కాదు.

తొంభైల చివర్లో ఒక చలికాలం. ఫారెస్టు గార్డు గోవిందు ఒక అట్టపెట్టె సంకలో పెట్టుకుని తోట దగ్గర జీపు దిగాడు. అక్కకు దూరపు తమ్ముడు అతను. పెట్టెలో ఒక నక్షత్ర తాబేలు. ఎవరో ఇలాంటివాటిని దొంగతనంగా గోనెల్లో కుక్కి బస్సులో తీసుకుపోతుంటే పట్టుకున్నారట. గట్టిగా ఉన్నవాటిని అడవిలో వదిలేశారు. ఇది మాత్రం మేత ముట్టడం లేదు, కళ్లు తెరవడం లేదు. ఆఫీసు గదిలో నేల ఐసుగడ్డలా ఉంది, కోలుకునేదాకా వెచ్చటి చోట ఎవరి దగ్గరైనా ఉంచమని ఆఫీసరే చెప్పి పంపాడు.

"నీ షెడ్డు ఎప్పుడూ వెచ్చగా ఉంటాది గదక్కా. ఈ నోరులేని ప్రాణాన్ని ఒక మూల పెట్టుకో. బతికితే మళ్లీ గుట్టకు తీసకపోతా."

"పురుగుల్లో దీన్ని పెడితే వాటికి రోగం, దీనికీ రోగం. ఇంటి వసారాలో పెడతా. బతికితే ఏందిరా, బతుకుతాది," అంది అక్క.

తాబేలు ఇంట్లోకి వస్తే ఆ ఇల్లు నిలవదని మా ఆకు కోసే ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. నడిచి వస్తే గదా దోషం, ఇది ఫారెస్టోళ్ల జీపెక్కి వచ్చింది అని అక్క నవ్వి తోసిపుచ్చింది. నవ్విందే గానీ, ఆ మాట ఆమెకు తగిలింది. ఆ ప్రాణి తన ఇంట్లో పోతే జనం ఏమంటారో మొగుడు పోయిన ఆడదానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాత తలుపు చెక్కలు కోసి, మేకులు కొట్టి, ఇద్దరం పెట్టె చేశాం. వెచ్చబెట్టడం మాకు కొత్త కాదు గదా. పెట్టె అడుగుకు చెక్క బదులు రేకు వేసి, రేకు కింద బొగ్గుల కుంపటి పెట్టాం. చుట్టూ తడి గోనెలు కప్పాం. పురుగులకు ఏం చేస్తామో అచ్చం అదే చేశాం. పురుగులు పెంచే మాలాంటివాళ్లు తప్ప ఇంకెవరూ ఆ పని చేసి ఉండరు.

తెల్లారి గోనె తీస్తే లోపలి ఆవిరికి, పొగకు మాకే కళ్లు తిరిగాయి. తాబేలు మెడ వేలాడేసింది. ముక్కు నుంచి నురగలా బుడగలు. అడుగు చిప్ప వేడెక్కి ఉంది. అక్క దాన్ని పమిటలో చుట్టి గుండెకు ఆనించుకుని, పశువుల ఆస్పత్రి దాకా నడిచే పోయింది. నేను వెనకే పరుగెత్తాను. డాక్టరు మందు వేసి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. బొగ్గుల పొగ మూసిన చోట మనుషులనే చంపుతుంది. తాబేలుకు కడుపు కింద కాలుతున్నా తొందరగా తెలియదు. వేడి ఎండలాగా పైనుంచి రావాలి, కింద పొడిగా ఉండాలి, పెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉండాలి. అక్క ప్రతి మాటకూ తలూపి, మళ్లీ ఒకసారి చెప్పమని అడిగింది. ఇంటి దగ్గరికి వచ్చాక అంది, "పురుక్కు జేసినట్టు దీనికి జేసినాం మే. పెట్టె ఇప్పేద్దాం."

ఇంకొకరైతే ఆ పెట్టెకే రెండు బెజ్జాలు కొట్టి సరిపెట్టేవాళ్లు. అక్క ఒక్కొక్క మేకూ పీకించింది. రేకు తీసేసింది, కుంపటి షెడ్డుకు పంపేసింది. ఈసారి పెట్టె పొడుగ్గా చేశాం, ఒక చివరి నుంచి ఇంకో చివరికి తాబేలు నాలుగడుగులు నడవగలిగేంత. పైన గాలికి జాలీ. అడుగున ఎండిన మట్టి. అందాకా తాబేలు పగలు ఎండలో, పొద్దు వాలితే అక్క ఒళ్లో కంబళి మడతల్లో.

పైనుంచి వేడికి బల్బు పెట్టడానికి కరెంటు పని చేసే మస్తాన్ వచ్చాడు. షెడ్డులో తీగలు లాగింది కూడా అతనే, చేతిలో పనున్నవాడు, నోట్లో మాటున్నవాడు. ప్లాస్టిక్ హోల్డరు పెట్టి, తీగకే బల్బు వేలాడదీసి అయిపోయిందక్కా అన్నాడు. అక్క కొంగు దోపుకుని వంగి చూసింది. ఈ హోల్డరు వేడికి కరిగితే ఏమవుతుందని అడిగింది. తీగ జారి బల్బు చెక్క మీద పడితే ఏమవుతుందని అడిగింది. తాబేలు మెడ చాచి బల్బును ముడితే ఏమవుతుందని అడిగింది. మస్తాన్ ప్రతిదానికీ ఏమీ కాదక్కా అంటూనే, మూడో ప్రశ్నకు తనే విప్పడం మొదలుపెట్టాడు. పింగాణీ హోల్డరు వచ్చింది. బల్బు బరువు మోయడానికి సన్నటి గొలుసు వచ్చింది. బల్బు చుట్టూ ఇనుప జాలీ బుట్ట వచ్చింది. చెక్కలోంచి తీగ దూరే బెజ్జానికి రబ్బరు తొడుగు వచ్చింది. విడిగా ఒక ఫ్యూజు కూడా పెట్టించింది.

"మా ఇంట్లో నాకే ఇంత మర్యాద లేదక్కా. నన్ను గూడా ఆ పెట్టెలో పడుకోబెట్టు," అన్నాడు మస్తాన్.

"నువ్వు కాలితే అరుస్తావప్పా. ఇది అరవదు," అంది అక్క.

అప్పుడైనా తాబేలును లోపల పెట్టిందా అంటే, పెట్టలేదు. ఖాళీ పెట్టెకు పగలంతా బల్బు వెలిగించింది. షెడ్డులోని ఉష్ణమాపకం తెచ్చి తాబేలు వీపు ఎత్తున కట్టింది. డాక్టరు చెప్పిన వేడి దగ్గర నా గోళ్ల రంగుతో గాజు మీద చుక్క పెట్టించింది. పాదరసం చుక్క దాటితే గొలుసు ఒక లంకె పైకి. తగ్గితే ఒక లంకె కిందికి. చల్లటి పక్కన మళ్లీ చూడడం. చెక్కలు, తీగ, హోల్డరు ఒక్కొక్కటీ ముంజేయి వెనక భాగంతో తాకి చూడడం. కరెంటు పోతే అనుకుని వేడినీళ్ల సీసాలకు గుడ్డలు కుట్టి సిద్ధంగా పెట్టింది. నాకు ఓపిక నశించింది. ఆమెకు మాత్రం కొత్త పంటకు పురుగుల గుడ్లు వచ్చిన రోజులాగా హుషారుగా ఉంది.

మర్నాడు తాబేలును పెట్టె మధ్యలో దించింది. చాలాసేపు అది కదల్లేదు. తర్వాత మెల్లగా కాళ్లు చాచి నడిచింది. ఎటు? చల్లటి పక్కకు. పోయి మూలలో ముడుచుకుంది. ఇంత చేసింది దీనికా అనిపించి, ఎత్తి బల్బు కింద పెడదామని నేను చేయి చాచాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఉండు మే. పురుగు పెట్టిన సోటే పడుంటాది, దానికి కావాల్సింది మనమే సూడాల. దీనికి కాళ్లుండాయి. వెచ్చన ఆడుండాది, సల్లన ఈడుండాది. యాడ ఉండాల్నో అది సూసుకుంటాది. మన పని రెండూ ఉంచడమే."

ఆమె పట్టు వదల్లేదు. ఎండ వసారా మెట్లు దిగిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. అప్పుడు అది తల ఎత్తి, గుమ్మం దాటే ముసలమ్మలా ఒక్కొక్క అడుగే వేస్తూ, బల్బు వెలుతురులోకి వచ్చి ఆగింది. మెడ బయటికి చాచి నేల మీద ఆనించింది. అక్క అప్పుడు నా చేయి వదిలింది.

కొన్ని రోజులు మందు, గోరువెచ్చటి నీళ్లు, ఎదురుచూపు. కళ్లు తెరిచింది, ముక్కు ఆరింది, కానీ తినదు. అక్క గడ్డి మార్చి చూసింది, ఆకుకూర మార్చి చూసింది, కాసిని పూలు వేసి చూసింది. ఒక పొద్దున నేను తోటలోంచి వచ్చి ఆకు గంప పెట్టె పక్కన దించితే ఒక లేత మల్బరీ ఆకు లోపల రాలింది. కరకరమని శబ్దం. పురుగులు మేసే చప్పుడు ఎరిగిన చెవులు మావి, ఇద్దరం ఒకేసారి తిరిగాం. తాబేలు ఆకు అంచు కొరుకుతోంది. అక్క పోయి ఆకు కోసే ఆడవాళ్లందరినీ పిలుచుకొచ్చి పెట్టె ముందు నిలబెట్టింది.

చలి తగ్గాక గోవిందు వచ్చి దాన్ని తీసుకుపోయాడు. గుట్ట మీద వదిలితే వెనక్కి చూడకుండా పొదలోకి పోయిందని వచ్చి చెప్పాడు. అదీ మేలేలే, మనల్ని గుర్తుపెట్టుకుంటే మళ్లీ మనుషుల చేతికి చిక్కుతుంది అంది అక్క. ఆ ఏడే షెడ్డు పైగోడకు గాలి కిటికీలు పెట్టించింది. ఇప్పుడు ఆమె లేదు, ఆ తోట కూడా లేదు. ఆమె కొలిచి చూసినట్టే చంటిపిల్లల స్నానం నీళ్లు ఈనాటికీ నేను ముంజేయి వెనక భాగంతోనే చూస్తాను.

వియ్యపురాలు అంతా విని, అయితే ఇప్పుడు ఏం చేద్దాం వదినా అంది. గోనె లాగేసి, కాళ్ల వైపు కిటికీ ఒక రెక్క తీశాను. తల వైపు గోడ పక్కన మందపాటి బొంత పరిచాను. నీకెక్కడ బాగుంటే అక్కడ పడుకోమ్మా అన్నాను. మా అమ్మాయి బిడ్డను ఎత్తుకుని నేరుగా కిటికీ దగ్గరికి పోయి కూర్చుంది. వియ్యపురాలు కంగారుగా నా వైపు చూసింది. నేనూ లేవబోయాను, చేయి ముందుకు పోబోయింది. మణికట్టును రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

కాసేపటికి మా అమ్మాయి తనే లేచి, బిడ్డకు ముసుగు సర్దుకుంటూ, గోడ పక్కన బొంత మీదికి వచ్చి పడుకుంది.