నున్నటి బిళ్ళలు

వయాలా ఊరి ఓడల కార్ఖానాలో చెక్క అచ్చులు చేసినన్నాళ్ళూ క్లెమ్ ట్రెగెన్జా పనికి ఎవరూ వంక పెట్టలేదు. రెండు చెక్కలు అతికిన చోట బొటనవేలు రాసి, "ఇక్కడ కాస్త ఎత్తుంది" అనేవాడు. కొలిచి చూస్తే ఉండేది. కార్ఖానా మూతపడ్డాక, డెబ్బై దాటిన వయసులో ఆ వేలికి దొరికిన పని, అక్షరాల బిళ్ళలు పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే స్క్రాబుల్.

మంగళవారం మధ్యాహ్నాలు, గడ్డి మీద బంతులు దొర్లించే బౌలింగ్ క్లబ్బు వెనక గదిలో ఆట. అక్షరాలు లోతుగా చెక్కిన పాతకాలపు చెక్క బిళ్ళలు. ఆ గదికో కట్టుబాటుంది. పేర్చిన ప్రతి మాటా పైకి చదవాలి, ఎవరైనా అడిగితే అర్థం చెప్పాలి. చెప్పలేనివాడు ఆ పూట టీ కప్పులు కడగాలి. క్లెమ్ ఏనాడూ కప్పు కడిగి ఎరగడు.

ఆ కట్టుబాటు చాటునే అతను దాక్కున్నాడని మాత్రం ఎవరికీ తెలియదు. ఏడాది కిందట అతని చూపు నడిమధ్య మసక మచ్చ పడింది. అంచులు కనిపిస్తాయి, చూడబోయిందే కనిపించదు. ఎదుటివాళ్ళు చదివిన మాటలు విని ఆట పలకంతా మనసులో పెట్టుకునేవాడు. తన బిళ్ళల్ని బొటనవేలితో తడిమి చదువుకునేవాడు. బిళ్ళలు చూడకుండా తీయాల్సిన సంచిలో మాత్రం వేళ్ళతో తడిమేవాడు కాదు. మొదట తగిలిన బిళ్ళనే తీసేవాడు.

డాక్టరు గడప తొక్కలేదు. తొక్కితే కారు లైసెన్సు పోతుంది. అది పోతే మెర్ల్ దగ్గరికి దారి పోతుంది. పక్షవాతం వచ్చిన అతని భార్య మెర్ల్, కారులో దాదాపు గంట దూరాన, పోర్ట్ అగస్టా వృద్ధాశ్రమంలో ఉంది. పిల్లలు లేరు. గురువారాలు అతను వెళ్ళగానే ఆమె కదిలే చేతి వేళ్ళు ఐదూ చూపించి, అతని అరచేతిలో ఒక అక్షరం గీస్తుంది. ఆ అక్షరమున్న ఐదక్షరాల ఇంగ్లీషు మాటలు అతను చెప్పాలి.

"జెడ్డా? ఐదక్షరాల్లో జెడ్. సరే, కాన్జు. ఆఫ్రికాలో తొడుక్కునే పొడుగాటి తెల్ల అంగీ. జోండా. అర్జెంటీనాలో కొండ దిగొచ్చే వేడిగాలి. నిజామ్. హైదరాబాదును ఏలిన రాజు."

మెర్ల్ సగం మూతితో నవ్వి, "ఇం... కోటి" అంటుంది. వారమంతా ఆమె ఎవరితోనైనా అనే మాట అదొక్కటే.

ఒక మంగళవారం ఆటలో డెస్ క్లేబీ మొదలుపెట్టాడు. అదే కార్ఖానాలో వెల్డింగు చేసినవాడు, నోరు పెద్దది.

"ఏరా క్లెమ్, పది పాయింట్ల జెడ్ మళ్ళీ నీకేనా? సంచిలో నీ చుట్టాలెవరైనా ఉన్నారా?"

"నీ మొహం చూసి నీ దగ్గరికి రానంటోందిరా," అన్నాడు క్లెమ్.

గది నవ్వింది. డెస్ నవ్వలేదు. "ఆ బొటనవేలు చూడండి, బిళ్ళల మీద ఎలా పాకుతోందో! బయట చదివే వేలు సంచిలో చదవదా?"

నవ్వులు ఆగిపోయాయి. సంచిలో తడిమి బిళ్ళ ఏరుకోవడమంటే ఆ ఆటలో దొంగతనమే.

క్లబ్బు నడిపే నొరీన్ మధ్యలోకి వచ్చింది. "చాల్లే డెస్, నోరు కడుక్కో. వచ్చే వారం నున్నటి ప్లాస్టిక్ బిళ్ళలు తెస్తాను. వేలికి అక్షరం తగలదు. మీరిద్దరే ఆడండి, గొడవ వదులుతుంది. సరేనా క్లెమ్?"

"నాకేం?" అన్నాడు క్లెమ్.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నున్నటి బిళ్ళలతో ఆడలేకపోతే దొంగ. ఎందుకు ఆడలేడో చెబితే గుడ్డివాడు, మెర్ల్‌కు గురువారం లేదు. ఆడటం మానేసినా దొంగే.

మధ్యలో వచ్చిన గురువారం ఎప్పటిలాగే బయల్దేరాడు. రోడ్డు పనులు జరిగేచోట మసకలోంచి నారింజ రంగు కోటొకటి ఊడిపడింది. కాలు బ్రేకు మీద పడింది. "కళ్ళు నెత్తికెక్కాయా ముసలోడా!" అని ఆ కోటులోని మనిషి అద్దం మీద చరిచాడు. ఆశ్రమంలో మెర్ల్ అరచేతిలో అక్షరం గీస్తే ఒక్క మాటా తట్టలేదు. ఆమె మళ్ళీ గీసింది. మళ్ళీ గీసింది. ఆ చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

మంగళవారం గది నిండింది. బల్లకు ఆ పక్క డెస్ కూర్చున్నాడు. క్లెమ్ సంచిని తలకంటే ఎత్తుగా పట్టుకుని బిళ్ళలు తీసి పేర్చుకున్నాడు. బొటనవేలు రాశాడు. ఏమీ లేదు, నీళ్ళ మీద రాసినట్టుంది. తల పక్కకు తిప్పి కంటి అంచుతో చూడబోయాడు. తెల్లటి ముక్కలు, వాటి మీద బూజు.

గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"ఆడవేంరా? మాటలన్నీ పాత బిళ్ళలతోనే పోయాయా?" అన్నాడు డెస్.

ఇప్పుడు లేచి వెళ్ళిపోవచ్చు. దొంగ అంటారు, అంతే. దొంగకు లైసెన్సు ఉంటుంది. క్లెమ్ కుర్చీ వెనక్కి జరిపాడు కూడా. నారింజ రంగు కోటు గుర్తొచ్చింది. ఇంకో అడుగు పడివుంటే?

"డెస్, నా బిళ్ళలు ఇటుపక్కకొచ్చి నువ్వే చదివి పెట్టు," అన్నాడు. "నాకు కనపడవు. ఏడాదైంది."

నొరీన్ నెమ్మదిగా అడిగింది. "మరి ఇక్కడికి ఎలా వచ్చావు క్లెమ్?"

క్లెమ్ కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. అవి బిళ్ళల మధ్య పడ్డాయి. ఎవరూ ముట్టుకోలేదు.

చివరికి డెస్సే తీసుకున్నాడు. క్షమించమని అనలేదు, అతనికి ఆ మాట అలవాటు లేదు. "లే. దింపుతా. గురువారం నాకు బౌలింగుంది, మెర్ల్ దగ్గరికి శుక్రవారం పోదాం."

"తనకు గురువారమే అలవాటురా."

"అయితే బౌలింగు మానేస్తాలే, చంపకు."

తన కారులోనే క్లెమ్ మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాడు. రెండు వీధులు దాటాక కారు ఆగింది.

"ఎందుకాపావు?"

డెస్ ఎదుటి రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఎందుకాపావురా?"

"ఒకావిడ రోడ్డు దాటుతోంది," అన్నాడు డెస్. "పిల్లల బండిలో పసిబిడ్డ."

క్లెమ్ ముందుకు వంగి అద్దంలోంచి చూశాడు. అతని కళ్ళకు రోడ్డు ఖాళీగానే ఉంది.