ఒక చెట్టు తక్కువ

దియనోరా ఊపిరితో పనిచేసేది. దూడతోలు పుట మీద సుద్ద, జిగురు కలిపి పూసిన చోట బంగారు రేకు అంటుకోవాలంటే దాని మీద వెచ్చటి ఊపిరి వదలాలి. ఎక్కువైతే సుద్ద చెమర్చి చెదిరిపోతుంది, తక్కువైతే రేకు లేచిపోతుంది. ఆవిడ రెల్లు గొట్టం పెదాల మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని వదిలేది. తర్వాత పిడికి బిగించిన కుక్కపంటితో మెల్లగా రుద్దేది. చూస్తుండగానే పుట మీద పొద్దు పొడిచేది.

నేను అదే బల్లకి ఇవతల కూర్చుని బొమ్మలు వేసేవాణ్ణి. ఎదుటివాళ్ళని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

“పొద్దున్నే ఉల్లిపాయలు తిన్నావా అక్కా? దేవదూత ముక్కు మూసుకుంటున్నాడు” అనేవాణ్ణి.

“వాడు మూసుకున్నది కళ్ళు రా నేరీ, నువ్వేసిన మొహం చూళ్ళేక” అనేది.

ఆవిడ మొగుడు బాల్డో ఉన్నికి రంగులద్దేవాడు. మోచేతుల దాకా నీలం. ఎంత తోమినా వదలని నీలం. పెళ్ళిలో ఉంగరం తొడిగినప్పుడు కూడా ఆ చేతులు చూసి వాళ్ళమ్మ నవ్వాపుకోలేకపోయిందని దియనోరా చెప్పేది. చలికాలంలో ఒక పొద్దున, ఆర్నో ఏటి మీద పొగమంచు ఇంకా లేవకముందే, అతను నీళ్ళలో తేలాడు. ఉన్ని జాడిస్తూ కాలు జారిందో, కావాలని దూకాడో చూసినవాళ్ళు లేరు. చూడకపోతేనేం, చెప్పేవాళ్ళకి కొదవా? కొన్నాళ్ళుగా ఎవరితోనూ మాట్లాడటం లేదట, గుమ్మంలో కూర్చుని ఏటివైపే చూసేవాడట. అంతే, దూకాడని వీధంతా తేల్చేసింది. ప్రాణం తీసుకున్నవాడికి లోపల చోటు లేదని పాదిరి అతన్ని చర్చి గోడకి అవతల పూడ్పించాడు, గంట కూడా కొట్టించలేదు. వాళ్ళ నోళ్ళు పడిపోను!

“నేను పోయాక నన్నూ గోడవతలే పెట్టండి. ఆయనకి చీకటంటే భయం” అనేది దియనోరా, మామూలు మాట చెప్పినట్టే.

అప్పటినుంచి ఆవిడకి ఒకటే కల. బాల్డో నీళ్ళోడుతూ వంటింట్లోకి వస్తాడు. ఏదో అడగబోతాడు. నోరు తెరిస్తే మాటకి బదులు ఆకులు రాల్తాయి. ఆవిడ ఒళ్ళో పట్టుకునేలోపు తెల్లారిపోతుంది.

ఆ రోజుల్లోనే ఒక వర్తకుడు చేతిరాత పుస్తకాలు చేసే మా అంగట్లో ఆ పెద్ద కావ్యం రాయించాడు. నరకం దిగి, పాపాలు కడిగే కొండ ఎక్కి, స్వర్గం దాకా వెళ్ళొచ్చిన కవి కథ. దాన్ని కథనుకునేవాళ్ళు మా ఫ్లోరెన్సులో తక్కువ. ఎవడు ఏ గుంటలో కాలుతున్నాడో అక్కడికి వెళ్ళి చూసొచ్చిన మనిషి చెప్పాడని నమ్మేవాళ్ళు. చేపలమ్మే ఆవిడ కూడా బేరం తెగకపోతే, నిన్ను ఫలానా గుంటలో వేస్తారు చూడమని శపించేది.

మా రాతగాడు ఫ్రోజీనో పైకి చదువుకుంటూ రాసేవాడు. ప్రాణం తీసుకున్నవాళ్ళు నరకంలో ముళ్ళచెట్లయి నిలబడతారనీ, కొమ్మ విరిస్తే నెత్తురూ మాటా కలిసి వస్తాయనీ అతను చదివిన రోజు దియనోరా జిడ్డు పోయేలా రొట్టెపొడితో తోలు రుద్దుతోంది. చెయ్యి ఆగిపోయింది. ఇంకో రోజు కొండ దగ్గరి సంగతి చదివాడు. ఎవడో సైనికుడు ఏటిగట్టున చస్తూ, ఆఖరి క్షణంలో ఒక్క కన్నీటిచుక్క రాల్చినందుకే నరకం తప్పించుకున్నాడట.

“నేరీ, మీ బావ ఒక్క చుక్కైనా రాల్చి ఉంటాడంటావా?” అని అడిగింది.

“నీళ్ళల్లో ఉన్నవాడిది ఏది కన్నీరో ఏది ఏరో ఎవరికి తెలుసక్కా?” అన్నాను. ఓదార్చాలని కాదు, ఆకుపచ్చ రంగు నూరుతూ విసుగ్గా అన్నాను. ఆవిడ మాత్రం ఆ మాట పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

నేను ఆ ముళ్ళ అడవి వెయ్యడం మొదలుపెట్టిన రోజున వచ్చి నా పక్కన నిలబడింది.

“ఒక చెట్టు తక్కువ వెయ్యరా.”

“వేస్తే?”

“ఆయన ఉండడు కదా అందులో.”

నాకు ఒళ్ళు మండింది. “నా కుంచె విదిలిస్తే నరకం ఖాళీ అయిపోతుందా? పోయి కూర్చో అక్కా” అన్నాను. అడవి నిండా చెట్లు వేశాను. అంచున, కాస్త విడిగా, వంగి నిలబడ్డ చెట్టొకటి వచ్చింది. అలా ఎందుకు వంచానో నాకే తెలియదు. పుట ఆరబెట్టి భోజనానికి వెళ్ళాను.

మర్నాడు మా యజమాని గెరార్దో ఆ పుటని వెలుగుకి వాల్చి చూసి కేకేశాడు. వంగిన చెట్టు మొదట్లో ఆవగింజంత బంగారం మెరుస్తోంది.

“నరకంలో బంగారమేంటే? మతి పోయిందా నీకు? ఆ వర్తకుడి వెనకాల సన్యాసులు తిరుగుతుంటారు, అంగడి మూయిస్తారు!”

“దారి కనిపిస్తుందని పెట్టానయ్యా. అక్కడ వెలుతురు లేదట” అంది దియనోరా.

గెరార్దో మొహం తిప్పుకుని, “గీకెయ్. నీ చేత్తోనే గీకెయ్” అన్నాడు.

మాలో ఒక కట్టుబాటుంది. పుట మీదికి వంగి ఏడవకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. దుఃఖమొస్తే లేచి వాకిట్లోకి పోవాలి. ఆ కట్టుబాటు నాకు నేర్పింది దియనోరాయే. ఆ రోజు ఆవిడ చురకత్తి తీసుకుని వంగింది. బంగారం గీకింది. తను పోసిన ఊపిరిని తనే గీకింది. లేవలేదు. చుక్క టప్పున చెట్టు మీద పడింది.

జిగురు రంగు నీటికి ఆగుతుందా? ఆకులు వదులయ్యాయి, కొమ్మలు కరిగాయి, మొదలు మెల్లగా జారిపోయింది. నేను గుడ్డ అందుకునేసరికే అక్కడ లేతాకుపచ్చ పొగమంచు తప్ప ఏమీ మిగల్లేదు.

“అయ్యో, పాడుచేశాను” అని దియనోరా చెంప తడుముకుంది. తడుముకుని, ఆ వేళ్ళకేసి చూసుకుంది. “ఇది నాది కాదురా నేరీ. ఆయనది. రాల్చడానికి వీలు కాలేదేమో, నా దగ్గర పెట్టుకున్నాడు.”

గెరార్దో “చెట్టు మళ్ళీ వెయ్యి” అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆరాక కుంచె తీసుకున్నాను. అక్కడ మట్టిరంగు పూసి, బయటికి పోయే కాలిబాట వేశాను. గెరార్దో చూశాడు, నన్నూ చూశాడు, ఆ పుటని మిగతా పుటల కింద పెట్టేశాడు.

ఆ వారంలోనే దియనోరా పొద్దున నవ్వుకుంటూ వచ్చింది. కలలో బాల్డో పొడిబట్టలతో వచ్చాడట. నోట్లోంచి ఆకులు రాలేదట.

“ఏమన్నాడు?”

“రొట్టె ఉందా అన్నాడు. అంత కొండెక్కితే ఆకలెయ్యదూ? చెస్ట్‌నట్ పిండి రొట్టె మూట కట్టిచ్చాను” అంది. మేం నవ్వుతామేమోనని అందరి మొహాలూ చూసింది. ఎవరం నవ్వలేదు.

స్వర్గం పుటలన్నిటికీ బంగారం ఆవిడే పెట్టింది. ఆ తర్వాత రెల్లు గొట్టం పట్టలేనంతగా ఛాతీ జబ్బు చేసింది. నేను వెళ్ళేసరికి పాదిరి ఆఖరి ప్రార్థన చదివి పోయాడు. పక్కన కూర్చున్నాను.

“చెట్టు మళ్ళీ వెయ్యలేదు కదరా?”

“వెయ్యలేదక్కా.”

“బతికించావు” అంది. ఆవిడ ఎప్పుడూ చెప్పే మాట గుర్తుంది కనక, గోడవతలి చోటు గురించి పాదిరితో పోట్లాడి వస్తానని లేచాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

“వద్దులే. నన్ను లోపలే పెట్టండి. ఆయన అక్కడ లేడుగా ఇప్పుడు.”

కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. బంగారు రేకు కదలనంత మెల్లగా వదిలింది. మళ్ళీ తీసుకోలేదు.